ముందు చెప్పే పెద్దనాన్న

మా పెద్దనాన్న గురించి చుట్టాల్లో ఎవర్ని కదిపినా ఫస్ట్ వచ్చే మాట ఒకటే, "ఆయనా? బాబోయ్, మొహం మీదే అనేస్తారు" అని. కొందరు మెచ్చుకుంటూ అనేవాళ్ళు, ఎక్కువమంది భయపడుతూ అనేవాళ్ళు. పెద్దమ్మైతే "యథార్థవాది లోకవిరోధి అండీ, మీకు చెప్పీ చెప్పీ నా నోరు పోతోంది" అని రోజుకోసారైనా అనేది, ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేవారు, అంతే, మర్నాడు మళ్ళీ ఎవరో ఒకరికి ఏదో ఒకటి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసేవారు.

మా నాన్న దీనికి పూర్తి ఆపోజిట్. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళే, మాట దగ్గరికొచ్చేసరికి ఒక్క పోలిక లేదు. నాన్న నోటివెంట "కుదరదు" అన్న మాట నేను చాలా అరుదుగా విన్నాను. ఎవరైనా ఏదైనా సాయం అడిగితే "చూద్దాం లెండి" అనేవారు. ఆ చూద్దాం లెండి అంటే అవ్వదని ఇంట్లో మాకందరికీ తెలుసు, కానీ అడిగినవాళ్ళకి ఎలా తెలుస్తుంది, వాళ్ళు నిజంగానే చూస్తున్నారనుకుని వారం పది రోజులాగి మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు, వాళ్ళ మనసు నొచ్చుకుంటుందని నాన్న ఇంకోసారి చూద్దాం లెండి అనేవారు, అలా అలా వాళ్ళకి వేరే దారి వెతుక్కునే టైం కూడా దాటిపోయేది.

ఒకసారి ఒకాయన వాళ్ళబ్బాయి ఉద్యోగం విషయంలో ఒక మాట చెప్పమని అడిగారు. నాన్నకి అక్కడ తెలిసినవాళ్ళే లేరు. ఆ సంగతి చెప్పలేదు. అప్లికేషన్ గడువు అయిపోయాక ఆయనకి విషయం అర్థమైంది. మా గేటు దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, "మీరు ఆరోజే కాదనుంటే నేను ఆరోజే ఇంకొకర్ని అడుక్కునేవాణ్ణి కదండీ" అన్నారు. అరవలేదు, తిట్టలేదు. గేటు గడియ పెట్టి వెళ్ళిపోయారు. నేను మెట్ల మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాను, తల ఎత్తి నాన్న వైపు చూడబుద్ధి కాలేదు. మంచితనం వల్ల కూడా ఒక మనిషికి నష్టం జరుగుతుందని నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

అయితే నాన్న గురించి ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఎవరింట్లోనైనా పోయినవాళ్ళు ఉంటే, ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే, ముందు నాన్న కోసమే కబురు వచ్చేది. ఆయన వెళ్ళి పక్కన కూర్చునేవారు. "ఆ హాస్పిటల్‌కి కాకుండా ఈ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సింది", "ఇంకో గంట ముందు బయల్దేరాల్సింది" లాంటి మాటలు చుట్టూ నలుగురు అంటుంటే నెమ్మదిగా టాపిక్ మార్చేసేవారు. అక్కడ నాన్న మౌనం ఎంత విలువైనదో ఆ ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ నాకు చెప్తారు.

ఇక మూడో రకం మనిషి ఒకాయన ఉండేవారు మా చుట్టాల్లో, వరసలు చెప్పను. ఆయనకి "నేనప్పుడే అనుకున్నా" అన్నది ఊతపదం. ఎవరికి పెళ్ళి చెడినా, ఎవరి ఉద్యోగం పోయినా, ఎవరి పిల్లలు ఫెయిలైనా, "నేనప్పుడే అనుకున్నా, చెప్తే బాగోదని ఊరుకున్నా" అనేవారు. చిన్నప్పుడు నేను ఆయన చాలా తెలివైనవారు, అన్నీ ముందే తెలుస్తాయి ఆయనకి అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే అందరికంటే ఎక్కువ బాధపెట్టింది ఆయనే అనిపిస్తుంది, పైగా ఆయన్ని ఎవరూ మొహం మీద అనేస్తారు అని అనలేదు. చాలా మర్యాదస్తులు అనే పేరు చివరిదాకా ఉంది.

పెద్దనాన్న విషయంలో చుట్టాలందరూ ఒకటి గమనించలేదు, నాకు కూడా చాలా ఏళ్ళకి గానీ వెలగలేదు. ఆయన కటువుగా మాట్లాడినవన్నీ ముందు మాట్లాడినవే. జరిగిపోయాక ఆయన నోరు పెగిలేది కాదు.

హైస్కూల్లో ఉన్నప్పుడు వక్తృత్వపు పోటీకి మూడు పేజీల స్పీచ్ రాసుకున్నాను. రాసుకున్నాను అంటే, మొదటి రెండు పేజీలు ఎక్కడెక్కడివో పుస్తకాల్లోంచి ఎత్తినవి, పెద్ద పెద్ద మాటలు. అమ్మ విని చాలా బాగుంది అంది. నాన్న విని చాలా బాగుంది అన్నారు. మా క్లాస్ టీచర్ కూడా బాగుంది అన్నారు. పెద్దనాన్న మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని మొత్తం విని, చెయ్యి చాపి కాగితాలు అడిగి, మొదటి రెండు పేజీలు విడిగా తీసి బల్ల మీద బోర్లా పెట్టేశారు.

"ఇవి అక్కర్లేదు అమ్మలూ. ఇందులో నువ్వు లేవు. ఇదిగో ఈ మూడో పేజీలో ఉన్నావు. ఇక్కడినుంచి మొదలుపెట్టు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు, అలాగని లేచి వెళ్ళిపోనూ లేదు. పెన్ను క్యాప్ తీసి నా చేతికిచ్చి, మూడో పేజీలో ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఇది ఎందుకనిపించింది నీకు, చెప్పు" అన్నారు. నేను ముక్కు ఎగబీలుస్తూనే చెప్పాను. "అదే రాయి" అన్నారు. ఇంకో వాక్యం మీద వేలు పెట్టారు. మళ్ళీ అడిగారు. పెద్దమ్మ వచ్చి పిల్లకి నిద్రొస్తోంది వదిలెయ్యండి అంటే నాకు నిద్ర రావట్లేదు అని నేనే అన్నాను. పోటీ ఇంకా చాలా రోజులు ఉంది అప్పటికి, అది ముఖ్యం ఇక్కడ.

ఎందుకంటే పోటీ రోజు స్టేజీ ఎక్కే ముందు నాకు చేతులు వణుకుతుంటే ఆయన దగ్గరికి పరిగెత్తి "పెద్దనాన్నా, ముగింపు బాగుందా, నిజం చెప్పండి" అని అడిగాను. "నీళ్ళు తాగి, నెమ్మదిగా మాట్లాడు" అన్నారు అంతే. ముగింపు ఆయనకి నచ్చలేదట. ఆ సంగతి తర్వాతి పోటీకి రాసుకునేటప్పుడు చెప్పారు, "పోయినసారి ముగింపు తొందరగా చుట్టేశావు, ఈసారి అలా చెయ్యకు" అని. మరి అప్పుడు ఎందుకు చెప్పలేదు అంటే "అప్పుడు చెప్తే ఏం చేసుంటావు? భయపడుండేదానివి" అన్నారు. నిజం చెప్పడానికి కూడా ఒక టైం ఉంటుందని, ఆ టైం చెప్పేవాడి కోపాన్ని బట్టో సరదాని బట్టో కాకుండా వినేవాడు దాంతో ఏమైనా చేసుకోగలడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుందని, ఇంత పొడుగు మాటల్లో ఆయన ఎప్పుడూ చెప్పలేదు కానీ చేసింది అదే.

అన్నయ్య బిజినెస్ గొడవ అయితే మా ఇంట్లో అందరికీ గుర్తే. అన్నయ్య అంటే పెద్దనాన్న కొడుకు. మంచి ఉద్యోగం వదిలేసి ఫ్రెండ్‌తో పార్ట్‌నర్‌షిప్‌లో ఏదో మొదలుపెడతానన్నాడు. ఇంటికొచ్చినవాళ్ళంతా "చాలా మంచి ఆలోచన", "కుర్రాళ్ళు రిస్క్ చెయ్యాలి" అన్నారు, నాన్న కూడా "బాగుంటుంది నాన్నా" అన్నారు, రాత్రి అమ్మతో మాత్రం నాకెందుకో భయంగా ఉంది అన్నారు. పెద్దనాన్న ఒక్కరే ఒక తెల్లకాగితం తీసుకుని అన్నయ్యని ఎదురుగా కూర్చోబెట్టారు. నెలకి ఖర్చెంత, చెక్కుల మీద ఎవరి సంతకం, ఒకడు మానేస్తానంటే రెండోవాడు ఏం చెయ్యాలి, ఒక్కొక్కటీ రాస్తూ అడిగారు. సగానికి అన్నయ్య దగ్గర జవాబు లేదు. అప్పుడు అన్నారు, "నీ ఫ్రెండ్ మంచోడే. కానీ లెక్క రాయడు. నువ్వు మొహమాటపడి అడగవు. మీ ఇద్దరూ కలిసి దీన్ని నడపలేర్రా."

అన్నయ్యకి తల కొట్టేసినట్టయింది. సొంత తండ్రే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు అని అరిచి వెళ్ళిపోయాడు, కొన్నాళ్ళు తండ్రీకొడుకులకి మాటల్లేవు. బిజినెస్ మొదలుపెట్టాడు. పెద్దనాన్న చెప్పినట్టే అయింది, దాదాపు అక్షరం పొల్లుపోకుండా, అతను లెక్క రాయలేదు వీడు అడగలేదు.

అంతా అయిపోయి అన్నయ్య ఇంటికొచ్చిన రోజు హాల్లో చాలామందిమి ఉన్నాం. ఎవరూ ఏం మాట్లాడట్లేదు. నిజం చెప్పాలంటే అందరం పెద్దనాన్న మొహమే చూస్తున్నాం, ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని. ఈలోగా ఆ మూడో ఆయన సర్దుకుని కూర్చుని "నేనప్పుడే అనుకున్నా..." అని మొదలుపెట్టారు. పెద్దనాన్న ఆయన వైపు తిరిగి, గొంతు పెంచకుండా, "అప్పుడు అనుకుంటే అప్పుడే చెప్పాల్సింది బావా. ఇప్పుడు వాడికి అది పనికిరాదు" అన్నారు. తర్వాత అన్నయ్య పక్కన కూర్చుని "ఎవరెవరికి ఎంతెంత ఇవ్వాలో చెప్పు, రాద్దాం" అని మళ్ళీ ఒక కాగితం తీశారు. ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు గడిచినా, ఎంత కోపంలో ఉన్నా, "నే చెప్పలేదురా" అన్న మాట ఆయన నోటివెంట రాలేదు. ఇది అన్నయ్యే చెప్తాడు ఎప్పుడూ. చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది వాడికి.

ఆయన చేసిందంతా కరెక్ట్ అని నేననను. మా అత్తకి వాళ్ళబ్బాయి సావాసాల గురించి చెప్పడం అవసరమే, టైంకే చెప్పారు కూడా, కానీ నిండా మనుషులున్న ఇంట్లో, వాడి ముందే చెప్పారు. అత్త చాలాకాలం మా గడప తొక్కలేదు. ఆఖరికి ఈయనే వాళ్ళింటికెళ్ళి "నేనన్న విషయం మారదమ్మా, అది ఇప్పటికీ అంటాను. నలుగురిలో అనడం మాత్రం నా తప్పే" అన్నారట. అత్త అది చెప్పుకుని ఏడ్చింది, మురిసిపోయింది కూడా. సారీ చెప్పి విషయాన్ని కూడా వెనక్కి తీసుకునేవాళ్ళని చాలామందిని చూశాను నేను, విషయాన్ని పట్టుకుని తీరుని మాత్రం వెనక్కి తీసుకోవడం ఆయన దగ్గరే చూశాను.

ఉద్యోగంలో చేరాక ఒక ట్రైనింగ్ క్లాసులో విమాన ప్రమాదాల గురించి చెప్పారు, నాకు అక్కడ కూర్చుని పెద్దనాన్నే గుర్తొచ్చారు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు పడుతుండగా ఎయిర్ ఫ్లోరిడా విమానం ఒకటి బయల్దేరింది. రన్‌వే మీద పరిగెడుతుండగానే రీడింగులు సరిగ్గా లేవని కో పైలట్‌కి అనుమానం వచ్చింది, ఒకటికి రెండుసార్లు అన్నాడు కూడా, కానీ కెప్టెన్ బాగానే ఉంది అనేసరికి ఏమో కరెక్టేనేమో అని తగ్గిపోయాడు. ఆపేద్దాం అని గట్టిగా అనలేదు. ఆ విమానం పైకి లేచి పోటోమాక్ నది మీది వంతెనకి తగిలి నదిలో పడింది, వంతెన మీదున్నవాళ్ళతో కలిపి 78 మంది చనిపోయారు. దానికి మూడేళ్ళ ముందు, 1978 డిసెంబర్ 28న, అమెరికాలోనే పోర్ట్‌లాండ్ దగ్గర ఇంకో విమానం చక్రాల సమస్య చూసుకుంటూ గాల్లో తిరుగుతూ తిరుగుతూ ఇంధనం అయిపోయి కూలింది, పది మంది పోయారు. ఇంధనం తగ్గుతోందని కాక్‌పిట్‌లో తెలియక కాదు, దిగిపోదాం అని కెప్టెన్‌కి తగిలేలా అన్నవాళ్ళు లేక. ఆ తర్వాత 1979లో నాసా దీని మీద వర్క్‌షాప్ పెట్టింది, 1981 నుంచి విమాన సంస్థల్లో దీనికోసమే ట్రైనింగులు మొదలయ్యాయి, కిందివాడు పైవాడికి ఎలా చెప్పాలి, పైవాడు ఎలా వినాలి అని.

క్లాసులో అందరూ కో పైలట్‌దే తప్పన్నారు. నాకైతే కెప్టెన్‌లే గుర్తుండిపోయారు. చెప్పేవాడు ధైర్యం తెచ్చుకుంటే సరిపోదు, వినేవాడు ఒకడు ఉండాలి. రామాయణంలో మారీచుడు రావణుడితో అన్నదీ ఇదే కదా, తియ్యగా మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు, చేదుగా ఉన్నా మేలు చేసే మాట చెప్పేవాడూ కరువే వినేవాడూ కరువే అని. సీతాపహరణానికి ముందే చెప్పాడు మారీచుడు. రావణుడు వినలేదు సరికదా మాట వినకపోతే చంపుతానన్నాడు. పెద్దనాన్నకి ఆ శ్లోకం నోటికొచ్చు, చదివిన ప్రతిసారీ "వక్తా శ్రోతా చ దుర్లభః" దగ్గర శ్రోతా అన్న చోట కాస్త ఒత్తి చదివేవారు.

ఆఫీసుల్లో "నేను చాలా స్ట్రెయిట్ ఫార్వర్డ్ అండీ" అని చెప్పుకునేవాళ్ళని కూడా చూశాను. ఒకాయన కింద పనిచేశాను, ప్రాజెక్ట్ నడుస్తున్నంతకాలం ఏ డాక్యుమెంట్ పంపినా "ఓకే" అని ఒక్క ముక్క వచ్చేది, చివర్లో పదిమంది కూర్చున్న మీటింగ్‌లో అన్ని తప్పులూ వరసగా చదివేవారు. చదివినవన్నీ నిజాలే. కానీ అవి దిద్దుకునే రోజుల్లో ఆయన దగ్గరే ఉన్నాయి ఆ నిజాలు. ఆయన్ని చూసినప్పుడల్లా నాకు మా పెద్దనాన్న కాదు, ఆ మూడో ఆయన గుర్తొచ్చేవారు, గొంతు పెద్దదైనంత మాత్రాన మనిషి వేరే కాదు.

పెద్దనాన్నకి జబ్బు చేసినప్పుడు మా ఇంట్లో జరిగింది రాయకుండా ఉండలేను. రిపోర్టులు ముందు అన్నయ్య చేతికొచ్చాయి. ఆయనకి చెప్పొద్దు అని అన్నయ్య, నాన్న, పెద్దమ్మ ముగ్గురూ ఒక మాట అనుకున్నారు. కొన్ని వారాలు గడిచాయి. జీవితమంతా అందరికీ ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి చుట్టూ అందరం "ఏం లేదు, కాస్త నీరసం" అంటూ తిరిగాం. ఆయన అడగడం మానేశారు. అది నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టమనిపించింది, ఆయన మా మొహాల్లోకి చూసి, ఏమీ అడక్కుండా కిటికీ వైపు తిరగడం.

తర్వాత వచ్చిన డాక్టరు గారు చిన్నావిడే. గదిలోకొచ్చి తలుపు వేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, నిలబడి మాట్లాడకుండా కుర్చీ లాక్కుని ఆయన కళ్ళకి ఎదురుగా కూర్చున్నారు. "మీ ఒంట్లో ఏం జరుగుతోందని మీరనుకుంటున్నారు?" అని మొదట అడిగారు. తర్వాత "ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది మీకు?" అన్నారు. పెద్దనాన్న "మొత్తం" అన్నారు. అప్పుడు చెప్పారు, చిన్న చిన్న మాటల్లో, ఒక్కోటి చెప్పి ఆగుతూ. అబద్ధం ఒక్కటీ లేదు, కంగారూ లేదు. ఇలా చెప్పడానికి ఒక పద్ధతి ఉందని, 2000లో అమెరికా, కెనడా వైద్యులు కొందరు ఆరు మెట్లుగా రాసిపెట్టారని, స్పైక్స్ అంటారని నాకు ఆ తర్వాత తెలిసింది. చెప్పే ముందే రోగికి ఏం తెలుసో, ఎంత తెలుసుకోవాలనుందో అడగడం అందులో ఉంది, చెప్పాక వాళ్ళ బాధని పట్టించుకోవడం, ఇకముందు ఏం చెయ్యాలో కలిసి అనుకోవడం కూడా ఉన్నాయి. నాకైతే ఆ అమ్మాయిలో నాన్నా పెద్దనాన్నా ఇద్దరూ ఒకేసారి కనపడ్డారు.

ఆవిడ వెళ్ళాక పెద్దనాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నయ్యని పిలిచి "కాగితం తీసుకురా" అన్నారు. బ్యాంకు సంగతులు, పెద్దమ్మ పేరు మీద మార్చాల్సినవి, ఒకరిద్దరికి రాయాల్సిన ఉత్తరాలు. ఉత్తరాలు నాకు చెప్పి రాయించారు. ఒకటి పూర్తవ్వలేదు, మధ్యలో అలిసిపోయారు, మర్నాటికి ఇంకా నీరసపడ్డారు.

ఆ ఉత్తరం గురించే అన్నయ్యకీ నాకూ ఇప్పటికీ పడదు. ఆ కొన్ని వారాలు దాచకుండా ఉంటే అది పూర్తయ్యేది అని నేనంటాను. ఆ కొన్ని వారాలు ఆయన ప్రశాంతంగా నిద్రపోయారు, అది నీకు కనపడదా అని వాడంటాడు. నిద్రపోలేదురా, పోయినట్టు పడుకున్నారు, నీకోసం అంటాను నేను. పోయిన నెల ఫోన్‌లో మళ్ళీ అదే టాపిక్ వచ్చింది, గంటసేపు వాదించుకున్నాం, ఇద్దరం ఏడ్చాం. ఆఖర్లో వాడు "నువ్వనేది తప్పని ఇప్పటికీ అంటాను, కానీ మొహం మీదే అన్నందుకు థాంక్స్" అన్నాడు. వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తానన్నాడు, ఈసారి వదిన కూడా లైన్లో ఉంటుందట, తను నా వైపే.